తపాలా బిళ్ళపై సేనాని – సంచి మోసినవాడెక్కడ?



తపాలా బిళ్ళ రుసుము చెల్లించినట్లు తెలిపే కాగితపు ముక్క మాత్రమే కాదు. ఎవరిని జాతి నిర్మాతలుగా గుర్తిస్తున్నదో ప్రభుత్వం ప్రజలకు నిత్యం చాటే అధికారిక ప్రకటన అది. ఆ ప్రకటనను మారుమూల పల్లె వరకు మోసేది మనం. మన చేతి ముద్ర పడనిదే, మన బండి కదలనిదే ఏ మహావీరుని బొమ్మా గమ్యం చేరదు. కనుక ఆ బిళ్ళపై ఎవరికి చోటు దక్కింది, ఎవరికి దక్కలేదు అని అడిగే హక్కు అందరికంటే ముందు మనకున్నది.

స్వతంత్ర భారత ప్రభుత్వం 1957లో ఝాన్సీ లక్ష్మీబాయిని, 1961లో శివాజీని, 1964లో నేతాజీని, 1967లో రాణా ప్రతాప్‌ను, 1974లో టిప్పు సుల్తాన్‌ను తపాలా బిళ్ళలపై స్మరించింది. వీరి శౌర్యాన్ని శంకించడం మన ఉద్దేశం ఎంతమాత్రం కాదు. మన అభ్యంతరం ఒక్కటే. యుద్ధాలు సేనానులు ఒంటరిగా చేసినవి కావు. నడిచినవాడు, మోసినవాడు, వండిపెట్టినవాడు, ముందు వరుసలో నేలకొరిగినవాడు లేనిదే సేనాని లేడు.

1857నే చూడండి. ఆ మహా సంగ్రామం సిపాయిల తిరుగుబాటుగానే ప్రసిద్ధి కెక్కింది. శతజయంతి సంవత్సరమైన 1957లో రాణికి బిళ్ళ వెలువడింది. అది న్యాయమే. కాని బారక్‌పూర్‌లో తుపాకి ఎక్కుపెట్టి ఉరికంబమెక్కిన సామాన్య సిపాయి మంగళ్ పాండేకు ఆ గౌరవం 1984లో గాని దక్కలేదు. అంటే 27 సంవత్సరాలు! ఆ ఏడు కూడా నానా సాహెబ్, తాంతియా తోపే, బేగం హజ్రత్ మహల్ వంటి నాయకుల సరసన మాత్రమే. రాణి పక్షాన పోరాడిన కోరీ కులపు వీరవనిత ఝల్కారీబాయి 2001 వరకు, అనగా 44 సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చింది. సింహాసనం ముందు, సిపాయి తరువాత, నిరుపేద స్త్రీ అన్నిటికంటే చివర! ఈ వరుస యాదృచ్ఛికమని నమ్మమంటారా?

మన మన్యం సంగతి వేరా? 1986లో అల్లూరి సీతారామరాజు బిళ్ళ వెలువడినప్పుడు తెలుగువారందరం గర్వించాము. కాని 1922–24 నాటి ఆ తిరుగుబాటు ఒక్కరి విల్లంబుల కథ కాదు. అటవీ చట్టాలు పోడు వ్యవసాయాన్ని కాలరాచాయి. ఘాట్ రోడ్ల పనిలో గిరిజనులచేత వెట్టి చేయించారు, న్యాయమైన కూలి ఎగగొట్టారు. గాం గంటం దొర, మల్లు దొరల వంటి వందలాదిమంది కడుపుమంటే ఆ పోరాటానికి ఊపిరి. కూలి అడిగినవారే అక్కడ సైనికులయ్యారు!

ఇక మన విషయం. 1937లో బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన బిళ్ళలలో తపాలా రన్నరు ఉన్నాడు, మెయిలు రైలు కూడా ఉన్నది. అయితే ప్రతిదానిపైనా ఆరవ జార్జి చక్రవర్తి తల! శ్రమ మనది, తల వారిది. 1953లో రైల్వే శతజయంతికి వెలువడిన బిళ్ళపై పాత ఇంజను, కొత్త ఇంజను దర్శనమిచ్చాయి. బొగ్గు వేసిన ఫైర్‌మన్, పట్టాలు కాచిన గ్యాంగ్‌మన్ కనబడలేదు.

1974 సంవత్సరాన్ని మనం మరువగలమా? మే 8 నుండి 27 వరకు లక్షలాది రైల్వే కార్మికులు సమ్మె సాగించారు. వేలాదిమందిని నిర్బంధించారు, ఉద్యోగాలు ఊడబెరికారు. ఆ ఆగస్టులోనే వి.వి. గిరిగారి బిళ్ళ వెలువడింది. ఒకనాడు బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన ఆ గిరిగారికే! కాని గౌరవం దక్కింది పదవి విరమిస్తున్న రాష్ట్రపతికి. సమ్మె నడిపిన నాయకునికి కాదు. 1980లో కార్మికోద్యమ మార్గదర్శి ఎన్.ఎం. జోషి పేర బిళ్ళ వచ్చింది. దానిని హర్షిస్తున్నాము. ఒక్క చుక్కతో దాహం తీరదని మాత్రం మనవి చేస్తున్నాము.

"సైనికుడు దేశం కోసం ప్రాణమిస్తాడు, మీరు జీతం కోసం సమ్మె చేస్తారు, రెండూ ఒకటేనా?" అని కొందరు పెద్దలు ప్రశ్నిస్తారు. 1946 జూలై తపాలా సమ్మెకు మద్దతుగా జూలై 29న కలకత్తా నగరం యావత్తూ స్తంభించింది. అది పరాయి పాలన పునాదులను కదిలించిన పోరాటం కాదా? 1968 సెప్టెంబరు 19 సమ్మెలో పఠాన్‌కోట్‌లో నేలకొరిగిన రైల్వే కార్మికుల రక్తం రక్తం కాదా? నేటికీ పట్టాలపై విధి నిర్వహణలోనే ప్రాణాలు విడుస్తున్న ట్రాక్ కార్మికుడు ఏ దేశపు పౌరుడు?

బిళ్ళ కడుపు నింపదని మనకూ తెలుసు. కాని చరిత్రలో కనబడనివారి కోర్కెలు ప్రభుత్వ ఫైళ్ళలోనూ కనబడవు. రెండున్నర లక్షలకు పైబడిన గ్రామీణ డాక్ సేవకులు నేటికీ శాఖలో క్రమబద్ధ ఉద్యోగులుగా గుర్తింపు పొందలేదు. వీరుల బొమ్మలను ఇంటింటికీ చేర్చేవారికి ఆ శాఖ ఉద్యోగి పింఛను లేదు! ఈ రెండు విస్మృతులకు మూలం ఒక్కటే.

కనుక మనం కోరేది ఇది. బిళ్ళల అంశాలను ఎంపిక చేసే సలహా సంఘంలో ఉద్యోగ సంఘాల ప్రతినిధులకు స్థానం కల్పించాలి. సేనానిని స్మరించేటప్పుడు అతని వెంట నిలిచిన సామాన్యుని కూడా స్మరించాలి. 1946 తపాలా సమ్మెకు, 1974 రైల్వే సమ్మెకు, 1863 నుండి కదిలే పెట్టెలలో రాత్రింబవళ్ళు ఉత్తరాలు వేరుచేసిన ఆర్.ఎం.ఎస్. సార్టర్లకు బిళ్ళలు వెలువరించాలి. గ్రామీణ డాక్ సేవకులకు క్రమబద్ధ హోదా, పింఛను ఇవ్వాలి. ప్రతి శాఖా సంఘమూ ఈ మేరకు తీర్మానం చేసి పంపాలి.

వీరులకు వందనం! వీరుల వెంట నడిచిన శ్రమజీవులకు ద్విగుణీకృత వందనం!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!