పాత ల్యాబు రికార్డులు చిత్తు కాగితాలకు వేయకండి

జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం, నిజాంసాగర్ దిక్కు నుంచి ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీకి పోయి చదువుకున్న పెద్దలకూ, ఆ పెద్దలు లేని ఇళ్లలో వారి పిల్లలకూ ఈ మనవి.

ఆ కాలేజీ 1929లో మొదలైంది. 2029కి నూరేళ్లు. ఇప్పుడున్న భవనంలోకి మారింది 1947లో. చరిత్ర చెప్పమంటే అందరూ ఈ రెండు సంవత్సరాలు చెప్పి ఊరుకుంటారు. లోపల ఏ ల్యాబు ఎటువైపు ఉండేది, ఏ యంత్రం మొరాయించేది, దాన్ని బాగుచేసే మేస్త్రీ ఎవరు? ఇవి ఏ శిలాఫలకం మీదా చెక్కరు. ఎక్కడైనా మిగిలితే మీ అటక మీది ట్రంకు పెట్టెలో మిగలాలి.

హైదరాబాద్‌లోని భవనంతో మనకేం పని అంటారేమో. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలైనప్పుడు ఇంజనీరింగ్ డిగ్రీ చదవాలంటే నిజాం రాజ్యం దాటాల్సిందే. ప్రాజెక్టు కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో చదివి వచ్చినవారు. మన దగ్గర కట్ట లేస్తుండగానే హైదరాబాద్‌లో ఈ కాలేజీ తెరిచారు. 1931లో ప్రాజెక్టు పూర్తయింది. ఆ కాలేజీ హైడ్రాలిక్స్ ల్యాబులో విద్యార్థి నీటికి అడ్డంగా గాడి కోసిన పలక పెడతాడు. దాని మీంచి నీరు ఎంత ఎత్తున పొర్లుతుందో కొలిచి, సెకనుకు ఎంత పారుతుందో లెక్కగడతాడు. మంజీరకు వరదొచ్చినప్పుడు ఇన్ని క్యూసెక్కులు వదిలామని చెప్పే లెక్కకు పునాది ఇలాంటి ప్రయోగాలే.

తొలినాళ్లలో ఉస్మానియా చదువంతా ఉర్దూలో. కాబట్టి తాతగారి నోటుబుక్కు మీకు చదవరాకపోవచ్చు. అంతమాత్రాన పారేయకండి; ఉర్దూ బడిలో చదివిన పెద్దలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, ఒకసారి చూపించండి.

అసలు పుస్తకం ఎవరికీ ఇచ్చేయనక్కర్లేదు. ప్రతి పేజీకీ ఫోన్లో ఫొటో తీసి, ఏ సంవత్సరం, ఏ ల్యాబు అన్నది రాసి, ఒక ప్రతి కాలేజీ లైబ్రరీకి, ఇంకొకటి మీ దగ్గరి గ్రంథాలయానికి అందించండి. సార్ ఎర్ర సిరాతో కొట్టేసిన పేజీలు సిగ్గుపడి వదిలేయకండి, నాకైతే వాటి మీదే ఎక్కువ ఆశ. ఒకే ఏడాది నలుగురి రికార్డుల్లో ఒకే రీడింగు తప్పితే లోపం పిల్లలది కాకపోవచ్చు, పరికరానిది కావచ్చు.

ల్యాబు అటెండర్లుగా, వర్క్‌షాపు మెకానిక్‌లుగా చేసి రిటైరైనవారు మీకు తెలిసుంటే ముందు వారి దగ్గరికి వెళ్లండి. వారికి రికార్డు పుస్తకాలు ఉండవు. చెప్పింది చెప్పినట్టు ఫోన్లో రికార్డు చేయండి, ఈ ఎండాకాలం లోపే.