పారిస్ దాకా పోయిన కాఫీ, గిద్దలూరు దాకా పోలేని కంది

టౌన్‌లో ఉండే అన్నలకు, అక్కలకు ఒక మాట. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

2025 సంక్రాంతి అయినాక నా కందులు అమ్మినా. ఆ పంటకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 7,550. నాకు కట్టిన ధర 6,800. పైగా బస్తాకు కిలో తరుగు, డబ్బులకు నెల వాయిదా. ఎందుకు ఒప్పుకున్నావంటారా? ఎరువుల కొట్టులో బాకీ ఉంది. వడ్డీ నా కోసం ఆగదు గదా.

అదే వారం గిద్దలూరులో కందిపప్పు అడిగితే కిలో 140 అన్నారు.

లెక్క చూడండి. కిలో పప్పుకు దాదాపు కిలోన్నర కందులు ఆడించాలి. నాకు కట్టిన ధరకు అవి 102 రూపాయలు. మద్దతు ధర పూర్తిగా ఇచ్చినా 113. అప్పటికీ 140లో 27 మిగుల్తాయి. మిల్లు బతకాలి, లారీ బతకాలి, కొట్టాయన బతకాలి, నేను కాదనను. కానీ ఆరు నెలలు చేను కాసినోడికి ఆ 11 రూపాయలు ఇయ్యడానికి మీ జేబులో నుంచి పైసా ఎక్కువ తీయక్కర్లేదు. మరి ఎందుకు రావట్లేదు? తినేవాళ్లెవరూ అడగట్లేదు కాబట్టి.

అడిగిన ఊళ్లు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో గార్‌స్టాంగ్ అనే చిన్న ఊరు 2000లో ప్రపంచంలోనే మొదటి ఫెయిర్‌ట్రేడ్ టౌన్‌గా ప్రకటించుకుంది. ఫెయిర్‌ట్రేడ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. రైతుకు ఇంతకు తగ్గకుండా ఇస్తామని ముందే ఒప్పుకోవడం, సంఘానికి పైన కొంత ఇవ్వడం. అక్కడ కొందరు మామూలు మనుషులు కొట్టు కొట్టుకూ, బడికీ, చర్చికీ తిరిగి ఒప్పించారు. ఎవరి కోసం? ఎన్నడూ చూడని దూరదేశాల కాఫీ, టీ రైతుల కోసం!

మన అరకు గిరిజన రైతుల కాఫీకి 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరిచారు. మంచిదే, సంతోషం. అరకు కాఫీ పారిస్ పోగలిగినప్పుడు, రాచర్ల కంది రాచర్ల పేరుతో గిద్దలూరు పోలేదా?

1999లోనే మన రాష్ట్రంలో రైతు బజార్లు పెట్టారు. బోర్డు మీద ధర, మధ్యలో దళారీ లేడు. కూరగాయలకు చేసింది పప్పుకు, కొర్రలకు చేయలేమా?

నేను అడిగేది దానం కాదు. పది ఇళ్లు కలవండి. ఇంటికి ఏడాదికి 25 కిలోల పప్పు అంటే దాదాపు నాలుగు క్వింటాళ్ల కందులు. ధర విత్తనానికి ముందే మాట్లాడుకుందాం. కాటా మీ కళ్ల ముందే, డబ్బు వారంలో. హోటళ్లు, హాస్టళ్లు, కల్యాణ మండపాలు కూడా కలిస్తే అది ఊరి మాట అవుతుంది.

మా వైపు పూచీ కూడా రాస్తున్నా. రాళ్లు, తాలు కలిపితే మా మొహానే కొట్టండి. కూలీలకు సరిగా ఇయ్యకుండా న్యాయం అడిగే రైతును కూడా నిలదీయండి. నేను కూడా నిన్నమొన్నటిదాకా బుట్టలో కూరగాయలు అమ్మే అవ్వతో ఐదు రూపాయలకు బేరమాడినోణ్ణే. పెద్ద కొట్టులో మాత్రం రాసిన ధర నోరు మూసుకుని కట్టినా. సిగ్గేసింది, మానుకున్నా.

ఈసారి పప్పు కొనేటప్పుడు కొట్టాయన్ని ఒక్క మాట అడగండి: "ఇది ఏ ఊరి కంది? రైతుకు ఎంతిచ్చినారు?" ఆయనకు తెలియకపోయినా పర్లేదు. పదిమంది అడిగితే తెలుసుకుంటాడు.