ఉచిత టికెట్ సరే, బడి యాళ్లకు బస్సేది?

2014 జూలై 24. తెలంగాణ వచ్చి రెండు నెలలు నిండలేదు. మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే క్రాసింగ్ దగ్గర నాందేడ్ ప్యాసింజర్ బడి బస్సును గుద్దింది. పదిమందికి పైగా పసిపిల్లలు బలైపోయారు. తప్పంతా డ్రైవర్ మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం సర్కార్లకు అలవాటే. మరి అక్కడ గేటు పెట్టనిదెవరు? బ్రాడ్‌గేజ్ మీద అలాంటి క్రాసింగులు పోయేసరికి 2019 జనవరి వచ్చింది!

పట్టాల సంగతి అట్ల తీరింది. రోడ్ల మాటేమిటి? 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మంచిదే, కాదనం. తొమ్మిదింటి బడికి పదింటికొచ్చే బస్సు ఉచితమైతే ఏం లాభం? అందుకే పిల్లలు ఆటోలకు వేలాడుతున్నరు. డిపో టైంటేబుల్ బడిగంట చూసి రాయాలె. కలెక్షన్ లెక్క తర్వాత చూసుకోండి. ఆర్టీసీ కార్మికులారా, టీచర్లారా, ఈ మాట డిపో మేనేజర్‌ను మీరే ముందు అడగాలె.