సంతకానికి ముందు ఆ ఒక్క మాట చూడాలి

తణుకు లాంటి పట్టణాల్లో ఊడ్చే పని, బరువులు మోసే పని ఏజెన్సీలకు అప్పగిస్తే, ఆ కాగితాల మీద సంతకాలు పెట్టేది ఎక్కువగా మన పేటల వాళ్లే. అందులో ‘స్వతంత్ర కాంట్రాక్టర్’ అని ఉందేమో చూడాలి. ఆ మాట చూపించే పీఎఫ్, ఈఎస్ఐ ఎగ్గొడతారు.

ఏజెన్సీ జీతమివ్వకపోతే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. 2020 కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. కానీ అది కార్మికుడికే. ‘కాంట్రాక్టర్’గా సంతకం పెట్టినవాడు ముందు తాను కార్మికుడినని రుజువు చేసుకోవాలి.

దారి లేకపోలేదు. దుకాణం మిషన్ల మీద బట్టకింత అని కుట్టిన దర్జీలూ ఉద్యోగులేనని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది. కాగితం మీది పేరు కన్నా పని తీరే ముఖ్యం.

అందుకే మేం అడుగుతున్నాం: ఒప్పందం తెలుగులో ఉండాలి, నకలు కార్మికుడి చేతికి రావాలి. చదువుకున్న మన పిల్లలు ముందే దాన్ని చదివి వినిపించాలి.