స్వచ్ఛందం అనే అబద్ధం

సారం అన్నది పుదుచ్చేరి పట్టణంలో ఒక పేట పేరు. తమిళ నేలమీద ఆ పేరుకు మూలమేదైనా, తెలుగు చెవికి అది మరొక అర్థంతోనే వినిపిస్తుంది. చెట్టుకైనా, నేలకైనా, సంస్థకైనా సారమే బలం. అది ఇంకిపోయిన తరువాత మిగిలేది ఆకారం మాత్రమే. 2020 జనవరి 31 నాటి సాయంత్రం ఈ పట్టణంలోనూ, దేశమంతటానూ ఒక ప్రభుత్వ రంగ సంస్థ తన సారంలో సగాన్ని ఒక్క పూటలో బయటికి పంపివేసింది. భారత సంచార్ నిగమ్ లిమిటెడ్ నుంచి 78 వేల మందికి పైగా ఉద్యోగులు ఆ రోజు పదవీ విరమణ చేశారు. సంస్థలో అప్పటికి ఉన్నవారు దాదాపు లక్షన్నర మంది. పుదుచ్చేరి టెలిఫోను వ్యవస్థ ఆ సంస్థ తమిళనాడు సర్కిల్‌లో భాగం. కనుక ఈ ఊరి ఎక్స్ఛేంజీలకూ ఆ సాయంత్రం అదే సాయంత్రం.

ఆ పథకానికి పెట్టిన పేరు స్వచ్ఛంద పదవీ విరమణ. ఇక్కడ విచారించవలసినది ఆ మొదటి మాటనే. తన ఇచ్ఛ మేరకు, ఎవరి ఒత్తిడీ లేకుండా చేసిన పనిని స్వచ్ఛందమంటారు. యాభై ఏళ్లు దాటిన ఉద్యోగి ముందు ఆ సంవత్సరం ఉన్నవేమిటి? 2019 ఫిబ్రవరి జీతం మార్చి నెల సగమైనా చేతికి రాలేదు. సంస్థ చరిత్రలో సిబ్బంది మొత్తానికి జీతం ఆగిపోవడం అదే మొదటిసారి. కాంట్రాక్టు కార్మికులకు నెలల తరబడి కూలి లేదు. పదవీ విరమణ వయసును 58కి తగ్గిస్తారనీ, దూర ప్రాంతాలకు బదిలీ చేస్తారనీ చెప్పి భయపెడుతున్నారని ఉద్యోగ సంఘాలు బహిరంగంగా ఆరోపించాయి. మరొక చేతిలో మాత్రం, పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి సంవత్సరానికి 25 రోజుల జీతం చొప్పున ఎక్స్‌గ్రేషియా. నవంబరు 4న తెరిచిన గడువు డిసెంబరు 3న మూసుకుంది. ఉన్న ఇంటికి నిప్పు పెట్టి, గుమ్మం దగ్గర దారి ఖర్చులు ఇస్తామని నిలబడితే, బయటికి నడిచినవాడు స్వచ్ఛందంగా నడిచాడని చెప్పడం భాషకే అపచారం.

ఇందుకు ప్రభుత్వ పక్షం చెప్పిన సమాధానం తేలికగా తోసివేయదగినది కాదు. సంస్థ ఆదాయంలో దాదాపు 75 శాతం జీతాలకే పోతున్నదనీ, ప్రైవేటు కంపెనీల్లో అది 5 శాతం దరిదాపుల్లో ఉన్నదనీ పార్లమెంటులో లెక్క చెప్పారు. లెక్క తప్పు కాదు. దానిని చదివిన తీరు తప్పు. నిష్పత్తికి రెండు కొసలుంటాయి. పైనున్న జీతాల అంకెనే దేశానికి చూపించారు. కిందనున్న ఆదాయం ఎందుకు కుంగిందో చెప్పలేదు. 2016 సెప్టెంబరులో జియో నాలుగో తరం సేవలతో బజారులోకి వచ్చింది. ప్రభుత్వ సంస్థకు ఆ తరంగాలను కేటాయించే నిర్ణయం కేంద్ర మంత్రివర్గం నుంచి వెలువడింది 2019 అక్టోబరు 23న, అదీ ఉద్యోగులను సాగనంపే పథకంతో ఒకే పొట్లంలో. మూడేళ్లపాటు పోటీదారు చేతికి కత్తి ఇచ్చి, తన మనిషి చేతులు కట్టి, ఆపైన ఓడిపోయావేమని నిలదీసి, ఓటమికి కారణం నీ తిండి ఖర్చేనని తేల్చారు. పైగా ప్రైవేటు కంపెనీల 5 శాతంలో టవరెక్కేవాడి కూలి, తీగ లాగేవాడి కూలి కనిపించవు. అవి బయటి గుత్తేదారుల ఖాతాల్లో దాగి ఉంటాయి.

ఉద్యోగులు సోమరులనీ, మార్పుకు అడ్డుపడ్డారనీ ప్రచారం సాగింది. ఆ ప్రచారానికి ఒక్క తేదీ చాలు జవాబు. 2019 ఫిబ్రవరి 18 నుంచి 20 వరకు మూడు రోజులు వారు దేశవ్యాప్త సమ్మె చేశారు. కోరికల్లో వేతన సవరణ ఉన్నమాట నిజం. కానీ దానితోపాటు ముందు వరుసలో నిలిచినది, తమ సంస్థకు నాలుగో తరం తరంగాలు ఇవ్వండన్న కోరిక. యజమాని చేయవలసిన వాదనను కూలివాడు, తన మూడు రోజుల జీతం పోగొట్టుకుని, వీధిలో నిలబడి చేశాడు. అటువంటి సిబ్బంది ఉన్న సంస్థకు మనోబలం లేదనడం ఎట్లా? మనోబలం ఉన్నది. దానిని నెల నెలా, ఉత్తరువు వెంట ఉత్తరువుగా, పైనుంచే విరిచారు.

సగం మంది వెళ్లిపోయిన తరువాత సంస్థ పరుగెత్తిందా? 2020లో పిలిచిన నాలుగో తరం పరికరాల టెండరు అదే ఏడు రద్దయింది. దేశీయ పరిజ్ఞానంతోనే కట్టాలన్న నిర్ణయంలో మంచి ఉండవచ్చు. దాని మూల్యం మాత్రం మరికొన్నేళ్ల జాప్యం. దేశవ్యాప్తంగా ఆ సేవల ప్రారంభోత్సవం జరిగింది 2025 సెప్టెంబరు 27న. ఈలోగా 2019 నాటి 69 వేల కోట్ల రూపాయల పొట్లానికి తోడు 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో మరో 89 వేల కోట్లు ప్రకటించవలసి వచ్చింది. 2024 చివరి మూడు నెలల్లో సంస్థ 262 కోట్ల లాభం చూపినప్పుడు, పదిహేడేళ్ల తరువాత తొలి లాభమని సంబరం చేశారు. సంబరం తప్పు కాదు. కానీ మూడు పొట్లాలు కలిపి 3.22 లక్షల కోట్లు పోయగల చేయి, జీతం ఒక్క నెల ఆగిన నాడు ఎందుకు ముడుచుకున్నదన్నదే ప్రశ్న. డబ్బు లేక మనుషులను పంపలేదు. మనుషులను పంపిన తరువాతనే డబ్బు పెద్ద మొత్తాల్లో కదిలింది.

ఈ క్రమం ఒక్క టెలిఫోను సంస్థతో ముగిసి ఉంటే, పాత కథగా విడిచిపెట్టవచ్చు. అదే మాట, అదే వరుసలో, 2025లో విశాఖ ఉక్కు కర్మాగారం గేటు ముందుకు వచ్చింది.

ఆ కర్మాగారం పుట్టుక తెలుగువారికి గుర్తుచేయనక్కరలేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. వేల కుటుంబాలు ఊళ్లు ఖాళీచేసి, ఆర్ కార్డులు చేతబట్టుకుని, ఉద్యోగం వస్తుందన్న మాటమీద భూములు వదిలాయి. 1992లో జాతికి అంకితమైన ఆ సంస్థకు సొంత ఇనుప గని మాత్రం నేటికీ లేదు. టాటాకు ఉన్నది, సెయిల్‌కు ఉన్నది, విశాఖకు లేదు. ముడి ఖనిజం బజారు ధరకు కొని ఉక్కు చేయవలసిన సంస్థను, గనులున్న సంస్థలతో పక్కపక్కన నిలిపి, నష్టాలొస్తున్నాయని 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. తరంగాలు ఇవ్వకుండా టెలిఫోను సంస్థను ఓడించిన విద్యకు ఇది ఉక్కు రూపం.

తరువాతి మెట్లు కూడా తప్పలేదు. 2024లో మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గాను ఒక దశలో ఒక్కటే నడిచింది. జీతాలు నెల తప్పి, విడతలుగా అందాయి. అదే ఏడు సెప్టెంబరులో సీఎండీ కుర్చీ, నాగపూర్ కేంద్రంగా పనిచేసే మాంగనీసు సంస్థ మాయిల్ అధిపతికి అదనపు బాధ్యత అయింది. ఏటా 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న కర్మాగారం తన జీవన్మరణ ఘట్టంలో మరొక సంస్థ అధిపతి తీరిక వేళల పని అయినప్పుడు, కింది ఉద్యోగి గ్రహించే సందేశం ఏమిటి? ఆ వ్యక్తి సమర్థుడా కాదా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఓడకు పూర్తికాలపు సరంగును కూడా పెట్టనివారు, ఓడ తీరం చేరాలని కోరుకుంటున్నారని నమ్మడం కష్టం.

2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించారు. అది పోరాట ఫలితమే, కాదనేది లేదు. కానీ ఆ సహాయం వెంటనే వచ్చినవి కొత్త గనులు కావు, కొత్త నియామకాలు కావు. స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చింది; తొలి విడతలోనే వెయ్యి మందికి పైగా వెళ్లిపోయారు. కాంట్రాక్టు కార్మికుల తొలగింపు వచ్చింది. వారిలో భూమి ఇచ్చిన నిర్వాసితుల బిడ్డలూ ఉన్నారు. మే 20న కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగవలసి వచ్చింది. బ్లాస్ట్ ఫర్నేస్ ముందు ముప్పై ఏళ్లు నిలబడినవాడు కొలిమి రంగు చూసి లోపలి వేడిని చెప్పగలడు. ఆ తెలివి ఏ దస్త్రంలోనూ రాసి ఉండదు. పక్కన నిలబడ్డ కుర్రవాడికి ఏళ్ల తరబడి చూపించి నేర్పవలసినది. నేర్పేవాడు వెళ్లి, నేర్చుకునేవాడి పాస్ రద్దయితే, ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది. తరువాత ప్రమాదం జరిగినా, ఉత్పత్తి పడిపోయినా, నింద మిగిలినవారి మీదనే పడుతుంది.

ఇందులో దాగిన రాజకీయాన్ని పేరుపెట్టి చెప్పవలసి ఉన్నది. సంస్థను అమ్మితే ఊరు లేస్తుంది, ఎన్నికల్లో జవాబు చెప్పవలసి వస్తుంది. సంస్థను అమ్మకుండా అందులోని మనుషులను ఖాళీచేస్తే ఎవరూ లేవరు; ఎందుకంటే ప్రతి ఒక్కరూ తన సంతకంతోనే వెళ్తారు. వేల సంతకాల వెనుక ఒక్క నిర్ణయం దాక్కుంటుంది. స్వచ్ఛందమన్న మాట చేసే అసలు సేవ ఇదే. విధాన నిర్ణేత బాధ్యతను అది ఉద్యోగి చేతి రాతలోకి మారుస్తుంది.

చివరికి ఏమవుతుందో చూడాలంటే సారం నుంచి దూరం పోనక్కరలేదు. అదే పుదుచ్చేరి పట్టణంలో 1898లో పుట్టిన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్ మిల్లు ఉన్నది. ఒకనాడు వేల మందికి అన్నం పెట్టింది. 2011 చివర థానే తుపాను దెబ్బ తరువాత తేరుకోలేక, కార్మికులను ఏళ్ల తరబడి లేఆఫ్ పేరిట సగం వేతనంతో కూర్చోబెట్టి, 2020 ఏప్రిల్‌తో తలుపులు మూసుకుంది. అప్పటికి దానిని కాపాడమని అడిగే బలమున్న కార్మిక సమూహం మిగలలేదు. ఆశ ముందే ఉడిగిపోయింది. 1936 జులై 30న ఈ పట్టణపు మిల్లు కార్మికులు పన్నెండు మంది తుపాకి గుళ్లకు బలై, ఎనిమిది గంటల పనిదినానికి బాట వేశారు. గుళ్లు చేయలేని పనిని సగం జీతం, అంతులేని నిరీక్షణ కలిసి చేశాయి.

కనుక అడగవలసినవి జాలి మాటలు కావు, షరతులు. జీతం బకాయి ఉన్న ఏ సంస్థలోనూ పదవీ విరమణ పథకం ప్రకటించరాదు. బకాయి తీర్చిన తరువాతనే ఉద్యోగి చేసే ఎంపికకు స్వచ్ఛందమన్న పేరు చెల్లుతుంది. ఏ విభాగం నుంచి ఎందరు వెళ్తున్నారో, ఆ పనిని ఎవరు చేస్తారో ముందుగా ప్రకటించాలి. అదనపు బాధ్యతల అధిపతి హయాంలో సిబ్బందిని తగ్గించే నిర్ణయం ఏదీ జరగరాదు. విశాఖకు గని కావాలి, తొలగించిన కాంట్రాక్టు కార్మికులకు తిరిగి పని కావాలి. యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యం గురించి 1976లోనే రాజ్యాంగంలో 43ఎ అధికరణం చేరింది. దాదాపు అర్ధ శతాబ్దంగా అది కాగితం మీదనే ఉన్నది. తరంగాల కోసం సమ్మె చేసినవారిలో ఒక్కరైనా ఆ బోర్డు బల్ల దగ్గర కూర్చుని ఉంటే, 2020 జనవరి 31 నాటి సాయంత్రం బహుశా మరొక విధంగా గడిచేది. విశాఖలో ఆ కుర్చీ వేయడానికి ఇంకా వ్యవధి ఉన్నది.