‘టేప్‌హెడ్స్’: కూలిలేని పనికి కులాసా నవ్వు

బిల్ ఫిష్‌మన్ దర్శకత్వంలో 1988లో వచ్చిన ‘టేప్‌హెడ్స్’ అనే అమెరికన్ హాస్యచిత్రాన్ని వ్యవస్థపై తిరుగుబాటుగా లెక్కగట్టేవారు మనలోనూ ఉన్నారు. అధ్యక్ష పదవికి పోటీచేసే పెద్దమనిషి గుట్టు రట్టవుతుంది గదా, జెల్లో బియాఫ్రా ప్రభుత్వ గూఢచారి వేషంలో కనిపిస్తాడు గదా, ఇంకేం కావాలని వారి వాదన. బియాఫ్రా సంగతి నిజంగానే బాగుంది. ఆల్బంతోపాటు యిచ్చిన బొమ్మ పిల్లలను చెడగొడుతుందనే నేరారోపణపై 1987లో న్యాయస్థానంలో నిలబడిన గాయకుడు, మరుసటి యేడు విడుదలైన చిత్రంలో గూఢచారిగా దర్శనమివ్వడం చక్కని వెక్కిరింత. కాని వొక్క వెక్కిరింతను పట్టుకొని చిత్రం మొత్తానికీ అభ్యుదయ ముద్ర కొట్టడం విమర్శ కాదు, మొహమాటం.

కథ యేమిటి? లాస్ ఏంజెలిస్‌లో కాపలా ఉద్యోగాలు పోగొట్టుకున్న ఇద్దరు స్నేహితులు, ఐవాన్, జోష్ (జాన్ క్యూసాక్, టిమ్ రాబిన్స్), పాటల వీడియోలు తీసే కంపెనీ పెడతారు. మో ఫజ్ అనే వ్యాపారి వారికి పని యిస్తాడు, డబ్బివ్వడు. ముందు తీసి చూపండి, నచ్చితే అప్పుడు చూద్దామంటాడు. చిత్రంలో నిజం పలికే ఘట్టం యిదే. ఆశను ఎరవేసి ఉత్తపుణ్యానికి చాకిరీ చేయించుకొనే యీ పద్ధతిని ఎరగని యువకళాకారుడు యే దేశంలోనైనా ఉంటాడా? అయితే మనం నవ్వేది ఎవరిని చూసి? ఫజ్‌ను చూసి కాదు, కుర్రవాళ్ల అమాయకత్వాన్ని చూసి. దోపిడి తప్పించుకొని పోతుంది. దోపిడికి గురైనవాడు నవ్వులపాలవుతాడు.

ఎం.టి.వి. 1981 ఆగస్టు 1న మొదలైంది. తొలి రోజుల్లో రికార్డు కంపెనీలు వీడియోలను దానికి ఉచితంగా యిచ్చేవి. వాటి మధ్య ప్రకటనలమ్మి ఆ చానెల్ సొమ్ము చేసుకొంది. వీడియో ఖర్చులో కొంత భాగమైనా గాయకునికి రావలసిన రాయల్టీలోంచి కోసుకోవడం కంపెనీల ఒప్పందాల్లో మామూలు. అంటే తన సరుకు ప్రకటనకు పాడినవాడే డబ్బు కట్టుకోవాలి! యీ లెక్క చిత్రంలో యెక్కడా లేదు. తెలియక కాదు. చిత్రనిర్మాణం వెనుక ఉన్న మైకేల్ నెస్మిత్, ఎం.టి.వి. కంటే ముందే, 1980లో, నికెలోడియన్‌లో ‘పాప్‌క్లిప్స్’ నడిపించినవాడు. లోగుట్టు ఆయనకు తెలియకపోతే మరెవరికి తెలియాలి?

మన గిరీశం మాటల పోగే, ఐవానూ మాటల పోగే. గిరీశాన్ని చూసి మనం కడుపారా నవ్వుతాం. అయినా అతన్ని గురజాడ గెలిపించలేదు, సౌజన్యారావు గుమ్మంలో నిలబెట్టి నిజం బయటపెట్టించాడు. ఐవాన్ తంత్రాలకు ‘టేప్‌హెడ్స్’ విజయకిరీటం పెడుతుంది. నవ్వించడం వేరు, దొంగదారిని ఆశయంగా చూపడం వేరు.

యింకా చేదైన విషయముంది. స్వాంకీ మోడ్స్ అనే నల్లజాతి గాయకద్వయాన్ని లోకం మరచిపోగా, యీ కుర్రవాళ్లు వారిని ‘మెనూడో’ బృందం పాడవలసిన వేదికపైకి ఎక్కించి ఉద్ధరిస్తారట. నల్లవారి వీడియోలు అంత తక్కువగా వేయడమేమిటని డేవిడ్ బౌయీ 1983లో ఎం.టి.వి. వ్యాఖ్యాతనే ముఖాముఖి నిలదీశాడు. అంత పెద్ద అన్యాయాన్ని యిక్కడ ఇద్దరు తెల్లకుర్రాళ్ల అభిమానానికి కుదించారు.

ఆ పాత్రలు ధరించినవారు సామాన్యులా? జూనియర్ వాకర్ మోటౌన్ సంస్థకు పేరు తెచ్చిన శాక్సాఫోన్ విద్వాంసుడు. సామ్ మూర్ 1960లలో ‘సామ్ అండ్ డేవ్’గా లక్షల రికార్డులు అమ్మించిన గొంతు. జీవితమంతా పాడినందుకు మూర్‌కు తేలిన పింఛను వొక్కసారిగా పుచ్చుకొంటే 2,285 డాలర్లు, లేదా నెలకు 73. ఆయన యే కుర్రవాళ్ల కోసమూ కాచుకొని కూర్చోలేదు. 1993లో తోటి గాయకులను కలుపుకొని రికార్డు కంపెనీల మీదా, పింఛను నిధి మీదా దావా వేశాడు.