దెయ్యం సరే... తప్పెవరిది?

ఊరికే భయపడితే పిరికివాడంటారు. టికెట్టు కొని భయపడితే ప్రేక్షకుడంటారు! ఏటా జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ మొదలుకాగానే మృత్యుకూపం చుట్టూ జనం మూగేది అందుకే. నిట్టనిలువు గోడ మీద మోటారు సైకిలు గిరగిరా తిరుగుతుంటే గుండె ఝల్లుమంటుంది. ఆట అయ్యాక మిర్చిబజ్జీ తిని నిశ్చింతగా ఇంటికెళ్లొచ్చు. హారర్ సినిమా అమ్మేదీ ఆ సరుకే... ప్రాణానికి ఢోకాలేని భయం.

అయితే చలనచిత్రోత్సవాల్లో దెయ్యాలకు పెద్దపీట దక్కడం అరుదు. మాయలూ మంత్రాలూ అంటే కాస్త చిన్నచూపు. నిజానికి మన మాంత్రికుడు ఆ గడప ఎప్పుడో తొక్కాడు. 1952లో బొంబాయిలో తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు కె.వి.రెడ్డి ‘పాతాళభైరవి’ని అక్కడ ప్రదర్శించారు. 2013లో రాజమౌళి ‘ఈగ’ కెనడా దాకా ఎగిరింది. హారర్, ఫాంటసీ సినిమాలకే పేరుపడ్డ టొరంటో ఆఫ్టర్ డార్క్ ఉత్సవంలో బహుమతులు కొట్టుకొచ్చింది. ఈ రెంటికీ మధ్య, 1986లో, ఫిల్మోత్సవ్ హైదరాబాద్‌కే వచ్చింది. అదే ఏడాది యండమూరి నవల ఆధారంగా తీసిన ‘కాష్మోరా’ కూడా థియేటర్లకొచ్చింది. ఉత్సవానిది ఒక దారి, కాష్మోరాది మరో దారి!

పోనీ, ఆ ముచ్చట ఇప్పుడు తీర్చుకుంటే? నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం ఉంది. ఆకాశమే కప్పుగా ఉన్న ఆ ఆరుబయలు వేదిక మీద తెర కట్టి తెలుగు దెయ్యాలకో ఉత్సవం పెడితే ఏ సినిమాలు వేయొచ్చు? ఎంత భయపెట్టిందన్న ఒక్క లెక్క చాలదు. భయపెట్టాక తప్పు ఎవరి మీద వేసిందో కూడా చూడాలి. ఎందుకంటే చేతబడి, బాణామతి అన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు జిల్లాల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ కొలతతో ఐదు సినిమాలివి.

రాత్రి (1992): కొత్త ఇంట్లోకి దిగిన కుటుంబం, కాలేజీకెళ్లే అమ్మాయిగా రేవతి. రామ్‌గోపాల్ వర్మ దెయ్యాన్ని చూపించి కాదు, చూపించకుండా భయపెట్టాడు. కెమెరా ఇంట్లో దొంగలా తిరుగుతుంది, శబ్దం వెనక నుంచి వచ్చి చెయ్యి వేస్తుంది. సినిమా హాల్లో జనమంతా ఉన్నట్టుండి మాయమయ్యే ఘట్టం మరిచిపోలేనిది. అబిడ్స్‌లో ప్యాలెస్, జమ్రూద్ టాకీసుల్లో సినిమాలు చూసిన తరానికి ఆ ఘట్టం ఇప్పుడు ఇంకోలా తగులుతుంది. ఇక్కడ జనమే కాదు, హాళ్లే మాయమయ్యాయి మరి.

అరుంధతి (2009): గద్వాల సంస్థానం, పాడుబడ్డ కోట, ‘వదల బొమ్మాళీ’ అంటూ వణికించే గొంతు. కోడి రామకృష్ణ దర్శకత్వం, అనుష్క రాజసం ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. ఇందులో పశుపతి చచ్చాక పిశాచం అయినవాడు కాదు, బతికుండగానే ఆడవాళ్ల పాలిట పిశాచం. తప్పు ఎవరిదో సినిమాకు స్పష్టంగా తెలుసు. రక్తపాతం మాత్రం పిల్లలు తట్టుకోలేనంత ఉంది.

అవును (2012): కొత్తగా పెళ్లయిన జంట, కొత్త ఇల్లు. రవిబాబు తక్కువ మందితో, తక్కువ హంగులతో తీసిన ఈ సినిమాలో కంటికి కనిపించనివాడు ఒకడు ఇంట్లో ఉంటాడు. తన ఇంట్లోనే తనను ఎవరో చూస్తున్నారన్న బెదురు ఆడపిల్లలకు దెయ్యంతో పనిలేకుండానే తెలుసు. పూర్ణ నటనలో ఆ బెదురంతా కనిపిస్తుంది. కథను ముగించకుండా రెండో భాగానికి అట్టేపెట్టడమే వెలితి.

మసూద (2022): హైదరాబాద్‌లో కూతురితో ఒంటరిగా ఉండే టీచరమ్మగా సంగీత. పిల్లకు ఏదో అయింది. భర్త పక్కన లేడు, తలుపు కొడితే పలికింది పక్క ఫ్లాటు కుర్రాడు ఒక్కడే. దర్శకుడు సాయికిరణ్‌కు భయం కంటే ముందు ఆ తల్లి దిక్కులేనితనం తెలుసు. అలాంటి తల్లులు నాంపల్లి యూసుఫైన్ దర్గా మెట్ల మీదా కనిపిస్తారు, గుడి మెట్ల మీదా కనిపిస్తారు. తొలి సగం నిదానం. దెయ్యం పూర్వకథ మాత్రం పాత మంత్రగత్తె దారిలోకే జారింది.

విరూపాక్ష (2023): చేతబడి చేశారన్న అనుమానంతో ఊరు ఊరంతా కలిసి భార్యాభర్తల్ని సజీవ దహనం చేయడంతో మొదలవుతుంది. పన్నెండేళ్లకు వరసగా చావులు. కార్తీక్ దండు బిగి సడలకుండా నడిపాడు. సాయి ధరమ్ తేజ్, సంయుక్త చక్కగా కుదిరారు. ఐదింటిలో ఎక్కువ వణికించేదీ, ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ ఇదే. మూకను దోషిగా నిలబెట్టి మొదలైన కథ, మంత్రాలు నిజమేనని ఒప్పించే పనిలో పడి ఆ మూక సంగతే మరిచిపోతుంది. మంటపెట్టిన చేతులకు జవాబు చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఈ పేచీ కొత్తది కాదు. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి పాఠకుల్ని ఊపేసిన రోజుల్లోనే, ఇది చేతబడిని నమ్మించే రచన అని రంగనాయకమ్మ లాంటివారు మండిపడ్డారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో వెతికితే ఆ కాలం నవలలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. చదివి జడుసుకున్నవాళ్లందరూ మూఢులు కాలేదు. కానీ నమ్మడానికి సిద్ధంగా ఉన్నవాడికి కథే సాక్ష్యం అవుతుంది.

కాబట్టి ఉత్సవం పెట్టేవాళ్లు ఒక పని చేస్తే బాగుంటుంది. ఆట మొదలయ్యే ముందు జన విజ్ఞాన వేదిక కార్యకర్తల్ని ఓ అరగంట వేదిక ఎక్కించాలి. నిమ్మకాయ కోస్తే ‘రక్తం’ కారేది కత్తికి పూసిన రసాయనం వల్లేనని వాళ్లు ఊరూరా చూపిస్తున్నారు. అది చూశాక కూడా దెయ్యం సినిమా భయపెడుతుంది. పిల్లలు ఆ రాత్రి అమ్మ కొంగు పట్టుకుని పడుకుంటే పడుకోనీ. తెల్లారి ఎదురింటి అవ్వ ఎదురైనప్పుడు మాత్రం ఆమెను చూసి జడుసుకోకూడదు.